తల చిన్నది... లెక్క పెద్దది

తక్కువ డబ్బుతో టెన్నిస్ రాకెట్ కొనేవాళ్లు చిన్న తల చూసి మోజుపడతారు. ఆ మోజులో నిజమెంత, భ్రమ ఎంత? తిరువూరు నుంచి ఒక లెక్క.

తిరువూరులో టెన్నిస్ బంతి కావాలని అడిగితే కొట్టాయన క్రికెట్‌కే అనుకుంటాడు. సాయంత్రం పూట ఖాళీ స్థలాల్లో ఆ బంతితో ఆడేది క్రికెట్టే మరి. రాకెట్ అన్న మాట పేపర్లలో కనిపిస్తుంది కానీ, జనం నోట నలిగేది ‘బ్యాట్’. షటిల్ బ్యాట్, టెన్నిస్ బ్యాట్. పసుపు ఉన్ని బంతితో బాల్ బాడ్మింటన్ ఆడిన పాత తరానికి చేతిలో ఇమిడే చిన్న చెక్క బ్యాటే అలవాటు. ఇలాంటి ఊళ్లో టెన్నిస్ మీద మనసు పడ్డవాళ్లకు రాకెట్ కొనడమే మొదటి పరీక్ష. మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా బెజవాడ వెళ్లాలంటే సుమారు 75 కిలోమీటర్లు. కాదంటే ఫోన్‌లో బొమ్మ చూసి ఆర్డరు పెట్టాలి. ఎక్కడ చూసినా కంటికి కనబడే వరస ఒక్కటే. రెండు మూడు వేలలో వచ్చే అల్యూమినియం రాకెట్లకు జల్లెడంత తల. పదివేలు దాటిన గ్రాఫైట్ రాకెట్లలో, పెద్ద ఆటగాళ్ల పేరు చెప్పి అమ్మేవాటికి చాలావరకు చిన్న తల. ఆ వరస చూసి కొనేవాడు మనసులో ఒక తీర్మానం చేసేసుకుంటాడు: తల చిన్నదైతే సరుకు మంచిదని. ఎవరో వాడి వదిలేసిన చిన్న తల రాకెట్ సగం ధరకు దొరికితే లంకెబిందెలు దొరికినట్టే సంబరపడతాడు. ఆ తీర్మానం తప్పు. చిన్న తలలో మనం మెచ్చుకునే గుణాల్లో ఎక్కువ భాగం బరువు నుంచి, ఫ్రేమ్ పదార్థం నుంచి, గట్టింగ్ (తీగల అల్లకం) నుంచి వచ్చినవి. డబ్బు తక్కువున్నవాళ్లు ఖర్చు పెట్టాల్సింది ఆ మూడింటి మీద. తల మాత్రం 95 నుంచి 98 చదరపు అంగుళాల దగ్గర ఆగితే చాలు.

సెంటీమీటరు కథ

చిన్నది, పెద్దది అనే మాటలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. చెక్క రాకెట్ల రోజుల్లో తల 65 నుంచి 70 చదరపు అంగుళాలు. అప్పుడు దాన్ని చిన్నదని ఎవరూ అనలేదు, ఎందుకంటే అందరి చేతుల్లోనూ అదే. 1976లో ప్రిన్స్ కంపెనీ 110 చదరపు అంగుళాల రాకెట్ తెచ్చింది. దాన్ని రూపొందించిన హోవర్డ్ హెడ్ అంతకుముందు మంచు మీద జారే స్కీలు తయారుచేసి పేరు తెచ్చుకున్న ఇంజినీరు, టెన్నిస్‌లో మాత్రం సాదాసీదా ఆటగాడు. బంతి పక్కన తగిలినప్పుడల్లా రాకెట్ చేతిలో గిర్రున తిరిగిపోవడం ఆయనకు చిరాకు. తల వెడల్పు చేస్తే ఆ తిరుగుడు తగ్గుతుందన్నది ఆయన కిటుకు. జనం మొదట నవ్వారు. 1978లో పదహారేళ్ల పామ్ ష్రైవర్ ఆ పెద్ద తల రాకెట్‌తోనే యు.ఎస్. ఓపెన్ ఫైనల్‌కు చేరాక నవ్వు ఆగింది. ఆ తర్వాత బజారు మూడు తరగతులుగా స్థిరపడింది. 85 నుంచి 95 దాకా మిడ్‌సైజ్, 95 నుంచి 105 దాకా మిడ్‌ప్లస్, ఆపైన ఓవర్‌సైజ్. ఇవాళ ఎక్కువమంది చేతిలో ఉండేది 100 చదరపు అంగుళాలది. దానికి కింద ఉన్నదంతా కొనేవాడి దృష్టిలో ‘చిన్న తల’ అయిపోయింది.

ఇక్కడే ఒక చిన్న లెక్క వేయాలి. 85కీ 100కీ విస్తీర్ణంలో తేడా దాదాపు 18 శాతం. వింటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. అయితే తల కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పెరుగుదల పొడవుకూ వెడల్పుకూ పంచుకుపోతుంది. వెడల్పులో పెరిగేది ఎనిమిది శాతం పైచిలుకు మాత్రమే. అంటే రెండు సెంటీమీటర్లు, పక్కకు ఒక్కో సెంటీమీటరు. టెన్నిస్ బంతి అడ్డుకొలత ఆరున్నర సెంటీమీటర్ల పైన ఉంటుంది. బంతిలో ఆరో వంతు కూడా లేని ఆ జాగా వల్ల ఆటగాడి జాతకం మారిపోదు. మారేది తిరుగుడు. రాకెట్ చేతిలో తిరగకుండా నిలబడే శక్తి వెడల్పుతో పాటు నేరుగా పెరగదు, వెడల్పు వర్గంతో పెరుగుతుంది. అదే బరువు, అదే ఆకారం అనుకుంటే ఎనిమిది శాతం వెడల్పు కలిస్తే ఆ శక్తి 18 శాతం దాకా పెరుగుతుంది. చిన్న తలలో పోయేది ఇదే. అయితే ఈ శక్తిని ఇంకో దారిలోనూ తెచ్చుకోవచ్చు, ఫ్రేమ్ అంచుల్లో బరువు పెంచి. చిన్న తల రాకెట్ల పాత వైభవం వెనక ఉన్న రహస్యం ఆ బరువే. దాన్ని వదిలేసి తలను మాత్రం కొనుక్కునేవాడు సగం మందు మింగి జ్వరం తగ్గలేదనే రోగి లాంటివాడు.

ఒకే కోర్టులో రెండు తలలు

సాక్ష్యం కావాలంటే 2002 యు.ఎస్. ఓపెన్ ఫైనల్ చూడాలి. ఒక పక్క పీట్ సాంప్రాస్, చేతిలో 85 చదరపు అంగుళాల విల్సన్ ప్రో స్టాఫ్. అవతల ఆండ్రీ అగస్సీ, చేతిలో 107 చదరపు అంగుళాల హెడ్ రాడికల్. ప్రపంచంలోకెల్లా మేటి ఆటగాళ్లలో ఇద్దరు, తల సైజులో 22 చదరపు అంగుళాల తేడాతో, ఒకే వల మీదుగా కొట్టుకున్నారు. సాంప్రాస్ నాలుగు సెట్లలో గెలిచి పద్నాలుగో గ్రాండ్‌స్లామ్ అందుకున్నాడు. దీన్ని చిన్న తల గెలుపు అనాలా? అలా అంటే, అగస్సీ ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లలో ఎక్కువ భాగం పెద్ద తలతో గెలిచినవే అన్న సంగతి అడ్డొస్తుంది. సాంప్రాస్ రాకెట్‌ను కాస్త దగ్గరగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. తీగలతో కలిపి 350 గ్రాములు దాటే ఆ ఫ్రేమ్‌కు ఆయన మళ్లీ సీసపు పట్టీలు అతికించి బరువు పెంచుకునేవాడు. పశువుల పేగుతో చేసిన ఖరీదైన సహజ గట్టు వాడేవాడు. గట్టింగ్ పని చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషి ఉండేవాడు, మ్యాచికి దిగేటప్పుడు తాజా గట్టింగ్ ఉన్న రాకెట్లే సంచీలో ఉండేవి. ఆ చిన్న తల వెనక అంత సరంజామా పనిచేసింది. సరంజామా లేకుండా తలను మాత్రం తెచ్చుకుంటే చేతికి మిగిలేది మోచేతి నొప్పి.

రోజర్ ఫెడరర్ కథ దీనికి రెండో సాక్ష్యం. 2003 నుంచి 2012 దాకా ఆయన గెలిచిన పదిహేడు గ్రాండ్‌స్లామ్‌లూ 90 చదరపు అంగుళాల రాకెట్‌తోనే. 2013లో వింబుల్డన్ రెండో రౌండులోనే ఇంటిదారి పట్టాక ఆలోచన మొదలైంది, 2014 నుంచి 97కు మారాడు. మారిన వెంటనే గ్రాండ్‌స్లామ్‌లు రాలేదు, చేతికి అలవాటు కావడానికి కాలం పట్టింది. 2017లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో రఫేల్ నాదల్‌ను ఐదు సెట్లలో ఓడించినప్పుడు, ఎన్నో ఏళ్లుగా నాదల్ గురిపెట్టి కొట్టిన ఆ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండే ఈసారి ఎదురు తిరిగింది. అదే ఏడాది వింబుల్డన్, మరుసటి ఏడాది మళ్లీ ఆస్ట్రేలియా. 97తో వచ్చినవి మూడు. పదిహేడు గెలిచిన చేతికే 90 నుంచి పైకి రావడం మేలు చేసిందంటే, వారానికి రెండు సాయంత్రాలు ఆడే చేతి గురించి వేరే చెప్పాలా? ఇందులో రెండో సంగతీ ఉంది. ఫెడరర్ 110కి వెళ్లలేదు, 97 దగ్గర ఆగాడు. బరువు తగ్గించుకోలేదు, తీగలు లేకుండానే 340 గ్రాముల రాకెట్. తల పెంచాడు, బరువు ఉంచాడు. మనం పట్టుకోవాల్సిన సూత్రం అదే, మన భుజానికి సరిపడే బరువుతో.

‘చిన్న తల క్రమశిక్షణ నేర్పుతుంది కదా?’

ఈ వాదానికి ఎదురుమాటలు లేకపోలేదు. మొదటిది పాత కోచ్‌లు చెప్పేది: చిన్న తలతో నేర్చుకుంటే బంతిని నడిమధ్యలో కొట్టడం అలవాటవుతుంది, పెద్ద తల తప్పుల్ని కప్పిపుచ్చుతుంది అని. ఇందులో కొంత నిజముంది. చిన్న తల తప్పును వెంటనే చేతికి తెలియజేస్తుంది. అయితే తప్పు తెలిసినంత మాత్రాన దిద్దుకోవడం వచ్చేయదు. పది బంతుల్లో ఎనిమిది వల దాటినప్పుడే ఆటగాడికి దిద్దుకునే తీరిక ఉంటుంది, రెండే దాటితే బంతులు ఏరుకోవడంతో సాయంత్రం గడిచిపోతుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతిని పక్కనపెట్టి, నెమ్మదిగా వెళ్లే ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులు తప్పనిసరి చేసింది ఈ కారణంతోనే. ఆట ముందు సాగాలి, కష్టం తర్వాత పెరగాలి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ సానియా మీర్జా, ఆంధ్ర ఆటగాడు సాకేత్ మైనేని కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం తెచ్చినప్పటి నుంచి మన ఇళ్లలోనూ టెన్నిస్ కల కనే తల్లిదండ్రులున్నారు. పిల్లవాడికి ‘ఎలాగూ పెరుగుతాడు కదా’ అని పెద్దవాళ్ల చిన్న తల రాకెట్ కొనిచ్చేవాళ్లు ఒక్కసారి ఆగాలి. పిల్లలకు 21, 23, 25, 26 అంగుళాల పొడవుల్లో వేరే రాకెట్లు ఉంటాయి, వాటి ధరా తక్కువే. పొలానికి రేపు కావాల్సిన కాడెద్దును ఇవాళ దూడ మెడకు కట్టరు.

రెండో ఎదురుమాట బడ్జెట్‌ది. వాడిన 85, 90 రాకెట్లు తక్కువ ధరకు దొరుకుతాయి, కొత్త 100 కొనే డబ్బుతో రెండు వస్తాయి కదా అంటారు. ధర తక్కువని ఎవరూ కాదనరు. ఎందుకు తక్కువో అడగాలి. అడిగేవాళ్లు తగ్గారు కాబట్టి తక్కువ. పాతికేళ్ల నాటి ఫ్రేమ్‌లో పింగాణీకి పడ్డట్టు కంటికి కనబడని పగుళ్లుండవచ్చు. తీగలు దూరే రంధ్రాలకు బిగించే ప్లాస్టిక్ పట్టీని గ్రామెట్ అంటారు, అది ఎండిపోయి విరిగితే తీగ నేరుగా ఫ్రేమ్ అంచుకు రాసుకుని తెగుతుంది. ఆగిపోయిన మోడల్‌కు ఆ పట్టీ మళ్లీ దొరకడం గగనం. అసలు లాభం ఉన్నది ఇంకోచోట. నాలుగైదేళ్ల కిందటి మోడల్, 95 నుంచి 98 మధ్య తల, తీగలు లేకుండా 285 నుంచి 305 గ్రాముల బరువు. కంపెనీలు రెండు మూడేళ్లకోసారి రంగు మార్చి కొత్త పేరు పెట్టినప్పుడల్లా పాతవాటి ధర పడిపోతుంది. పదార్థం పెద్దగా మారదు. బడ్జెట్ తక్కువున్నవాడికి ఆ రంగు మార్పే వరం.

మూడో ఎదురుమాట బలమైనది, ఒప్పుకోవాల్సిందే. డబుల్స్ ఆడే నడివయసువాళ్లు, వల దగ్గరకు దూసుకొచ్చి బంతిని తాకించి వదిలేవాళ్లు, కోత దెబ్బలతో ఆడేవాళ్లు చిన్న తలను ఇష్టపడతారు. వాళ్లది పొట్టి ఊపు, బంతిని మధ్యలోనే పట్టే పాత చెయ్యి. బాల్ బాడ్మింటన్ ఆడి వచ్చిన మణికట్టుకైతే ఇది మరీ సహజం. అలాంటివాళ్లకు 90 రాకెట్ వద్దనడానికి కారణం లేదు. కాకపోతే వాళ్లు అది కొనేది బడ్జెట్ కోసం కాదు, తమ ఆట తెలిసి. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాడికి తన ఆట ఏదో ఇంకా తెలియదు. తెలియనివాడు మధ్యేమార్గంలో ఉంటేనే రేపు ఎటైనా తిరగగలడు.

దూరానికీ ఒక ధర

పెద్ద నగరంలో తీగ తెగితే సాయంత్రానికి గట్టింగ్ అయిపోతుంది. తిరువూరు లాంటి చోట టెన్నిస్ రాకెట్‌ను సరైన యంత్రం మీద, అడిగిన టెన్షన్‌కు బిగించాలంటే ఒక ప్రయాణమో, ఒక పార్శిలో లెక్కలోకి వస్తుంది. షటిల్ బ్యాట్‌కు గట్టింగ్ చేసే ప్రతిచోటా టెన్నిస్‌కు చేస్తారని అనుకోకూడదు. షటిల్ బ్యాట్‌కు ఇరవై ముప్పై పౌండ్ల లాగుడు చాలు, టెన్నిస్‌కు యాభై పైన కావాలి. అందుకే ఇక్కడి ఆటగాడికి తీగ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది తల సైజు కంటే పెద్ద ప్రశ్న. ఈ ఒక్క విషయంలో చిన్న తలకు మార్కు వేయాలి. తల తగ్గితే తీగల మధ్య గళ్లూ చిన్నవవుతాయి. నిలువు 18, అడ్డం 20 తీగలున్న అల్లికలో తీగలు తక్కువ కదులుతాయి, ఒకదానికొకటి తక్కువ రాసుకుంటాయి, ఎక్కువ రోజులు నిలుస్తాయి. నిలువు 16, అడ్డం 19 అల్లికలో బంతికి స్పిన్ బాగా వస్తుంది, తీగ త్వరగా అరుగుతుంది. 95 నుంచి 98 తలలో ఈ రెండు అల్లికలూ దొరుకుతాయి. గట్టింగ్ దూరమైనవాడు 18, 20 వైపు మొగ్గితే తప్పు లేదు.

తీగ రకంలోనూ బడ్జెట్‌కు దారి ఉంది. పెద్ద ఆటగాళ్లు వాడతారని పాలియెస్టర్ తీగ కోసం ఎగబడతారు కానీ, అది గట్టిది, చేతికి కఠినం, తెగకుండానే సారం కోల్పోతుంది. సింథటిక్ గట్ పేరుతో దొరికే నైలాన్ తీగ చవక, మెత్తన, మొదటి రెండేళ్ల ఆటకు అదే మేలు. తల చిన్నదైనకొద్దీ తీగల పొడవు తగ్గి అదే టెన్షన్ మరింత బిగువుగా తగులుతుంది కాబట్టి, 100 తలకు వేయించే దానికంటే రెండు మూడు పౌండ్లు తగ్గించి వేయించాలి. మన ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో బండి డిక్కీలోనో, మూసిన కారులోనో రాకెట్ వదిలేస్తే నెలల తరబడి ఆడితే సడలాల్సిన తీగ ఒక్క మధ్యాహ్నంలోనే సడలుతుంది. రాకెట్‌కు నీడ చూపించడం పైసా ఖర్చు లేని గట్టింగ్. అందుకే చేతిలో ఉన్న మొత్తం ఎంతైనా సగం కంటే కొంచెం ఎక్కువే రాకెట్‌కు పెట్టి, మిగతాది తీగలకూ బంతులకూ ఉంచాలి. మొత్తం ఫ్రేమ్ మీదే పోస్తే మిగిలేది గోడకు వేలాడే అలంకారం.

స్కేలు, కాటా, చెవి

సెకండ్ హ్యాండ్ రాకెట్ చూడటానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. స్కూలు పిల్లల స్కేలుతో తల లోపలి పొడవు, వెడల్పు అంగుళాల్లో కొలిచి రెండింటినీ గుణించి, వచ్చిన దాన్ని 0.785తో మళ్లీ గుణిస్తే చదరపు అంగుళాలు వస్తాయి. 13 అంగుళాల పొడవు, 9.8 వెడల్పు అయితే సరిగ్గా 100. ఫ్రేమ్ మీద రాసిన అంకెకు ఇది చాలా దూరంగా ఉంటే సరుకు నకిలీ అని అనుమానించాలి. బరువుకు కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు. తీగలతో కలిపి 300 నుంచి 320 గ్రాముల మధ్య ఉంటే పెద్దవాళ్ల చేతికి సరిపోతుంది. తల పై అంచున, రెండు పక్కలా, మెడ దగ్గర వేలి కణుపుతో తట్టి వినాలి. మంచి ఫ్రేమ్ ఒకే స్వరంలో పలుకుతుంది, పగిలింది బొంగురుపోతుంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసిన పరీక్షే ఇది. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడువేలు దూరేంత సందు ఉండాలి. అంతా బాగుండి రాకెట్ చేతిలో తిరుగుతోందనిపిస్తే తలకు రెండు పక్కలా రెండేసి గ్రాముల సీసపు పట్టీ అతికించి చూడాలి. సాంప్రాస్ చేసిన పనే, తక్కువ మోతాదులో. కొత్త రాకెట్ కొనకుండానే తల కాస్త వెడల్పయిన ఫలితం వస్తుంది.

అల్యూమినియం రాకెట్ గురించి రెండు మాటలు. దాని పెద్ద తలను చూసి వంక పెట్టేవాళ్లు అసలు లోపాన్ని వదిలేస్తున్నారు. ఆ లోపం లోహపు గొట్టంలో ఉంది. మెడ దగ్గర విడి ముక్క అతికించిన అతుకు కంటికే కనిపిస్తుంది, బంతి తగిలిన ప్రతిసారీ వణుకు నేరుగా మోచేతికి చేరుతుంది. సరదాకు నెల రోజులు ఆడటానికి అది చాలు. ఆట కొనసాగించాలనుకుంటే గ్రాఫైటే కావాలి. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మనకుంది. సామెత సగమే నిజం, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. ఓడు ఉన్నది తోలులోనా, కట్టెలోనా అని చూడకుండా మద్దెల సైజు మారిస్తే లాభం లేదు.

చివరికి తేల్చి చెప్పాల్సింది ఇదీ. పెద్దవాళ్లయితే 95 నుంచి 98 చదరపు అంగుళాల తల, 300 గ్రాములకు అటూఇటూ బరువు, పూర్తి గ్రాఫైట్, నాలుగైదేళ్లు దాటని పాత మోడల్, నైలాన్ గట్టింగ్. 90, అంతకు కిందది మీ ఆట మీకు తెలిశాక రెండో రాకెట్‌గా కొనుక్కోండి. పిల్లలకైతే వాళ్ల ఎత్తుకు తగ్గ పొడవు చూడండి, తల గురించి అడగనే అడగొద్దు. బెజవాడ బస్సెక్కే ముందు జేబులో ఒక స్కేలు పెట్టుకోండి.